గరాజ్‌లో ప్లాస్మా కట్టర్: పల్చటి రేకు కోసే ముందు

ఇక్కడ ఎం.ఎస్. చదివే రోజుల్లో యూనివర్సిటీ వర్క్‌షాపులో ప్లాస్మా కట్టర్ చూసి ముచ్చటపడ్డాను. తరువాత సాఫ్ట్‌వేర్‌లో పడినా ఆ సరదా పోలేదు. ఇంటి గుమ్మానికి తెలుగులో నేమ్‌ప్లేట్ చేద్దామని ఒక చవక యంత్రం కొన్నాను. దెబ్బ తిని నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

నాజిల్‌లోంచి వేగంగా వచ్చే గాలిని ఎలక్ట్రిక్ ఆర్క్ ప్లాస్మాగా మారుస్తుంది. దాని వేడి 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. లోహం కరుగుతుంది, గాలి దాన్ని కిందికి ఊదేస్తుంది.

16 గేజ్ ఇనుప రేకుకి, అంటే సుమారు 1.5 మిల్లీమీటర్ల మందానికి, 20-25 ఆంపియర్లు చాలు. ఇంట్లోని 120 వోల్టుల ప్లగ్‌తోనే పని జరుగుతుంది. అసలు చిక్కు గాలితో. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో చెమ్మ ఉంటే నాజిల్ త్వరగా పాడవుతుంది, కోత గరుకుగా వస్తుంది. కాబట్టి ముందు మంచి ఫిల్టర్ కొనండి.

రెండోది వేగం. చెయ్యి నెమ్మదిస్తే రేకు వంకరపోయి, అడుగున చిట్టెం గడ్డకడుతుంది. మరీ తొందరపడితే నిప్పురవ్వలు పైకి చిమ్ముతాయి. రవ్వలు కిందికి, కొంచెం వెనక్కి వాలి పడుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు.

మన అక్షరాలతో ఇంకో తమాషా ఉంది. రేకులో అక్షరాన్ని తొలిస్తే సున్నా మధ్య భాగం ఊడి పడిపోతుంది. అక్షరాన్నే విడిగా కోస్తే 'గ' తలకట్టూ, ఒత్తులూ విడిపోతాయి. అందుకని గీసేటప్పుడే అక్కడక్కడా 3 మిల్లీమీటర్ల వంతెనలు వదలండి.

ఇక నా పొరపాటు. చలికాలమని గరాజ్ తలుపు మూసి, చవగ్గా దొరికిందని జింకు పూత రేకు కోశాను. ఆ రాత్రి వణుకు, జ్వరం, ఒళ్ళునొప్పులు. ఫ్లూ అనుకున్నాను. జింకు పొగ వల్ల వచ్చే జ్వరమని డాక్టరు చెప్పారు. మర్నాటికి తగ్గింది కానీ, ఆ సాయంత్రం మా అబ్బాయి పక్కనే నిలబడి చూసి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదలదు.

అందుకే జింకు పూత రేకు జోలికి వెళ్ళకండి. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో హానికరమైన క్రోమియం ఉంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని అసలు కోయవద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. తలుపు తెరిచి ఉంచండి. కళ్ళకి షేడ్ 5 అద్దాలు, ఒంటికి నూలు బట్టలు, చేతులకి తోలు గ్లౌజులు, పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరి. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి, ఎక్కడా నిప్పు రాజుకోలేదని చూసుకోండి.

నేమ్‌ప్లేట్ మూడో ప్రయత్నంలో కుదిరింది. కొంచెం వంకరే, అయినా మా గుమ్మానికి అందంగానే ఉంది. మీరూ ప్రయత్నించండి, తలుపు మాత్రం తెరిచి!