ఫిజీషియన్ అసిస్టెంట్ విద్య: ప్రవేశ అర్హతలు – విడపనకల్లు సరిహద్దు ప్రాంతానికి వర్తించే అంశాలతో

ఫిజీషియన్ అసిస్టెంట్ (వాడుకలో పీఏ) అంటే డాక్టరు పర్యవేక్షణలో పనిచేసే వైద్య సిబ్బందిలో ఒకరు. రోగి చెప్పింది రాసుకోవడం, పరీక్షించడం, టెస్టుల ఫలితాలు చూసి డాక్టరుకు నివేదించడం, ఆపరేషన్‌లో చేయందించడం, డిశ్చార్జి సమ్మరీ రాయడం ఈ ఉద్యోగంలో ఉండే పనులు. మన దేశంలో ఈ చదువుకు ఇంటర్ తర్వాతే చేరతారు. అమెరికాలో డిగ్రీ పూర్తిచేసి పీజీగా చదవాలి. రెండు చోట్లా పేరు ఒకటే కావడంతో, ఒక దేశపు అర్హతను రెండో దేశానికి అన్వయించి మోసపోయేవాళ్ళున్నారు. అనంతపురం జిల్లా ఉరవకొండ నియోజకవర్గంలో గుంతకల్లు–బళ్ళారి దారిలో ఉన్న విడపనకల్లు మండలం నుంచి చూస్తే ఇంకో చిక్కు కూడా కనబడుతుంది. ఇక్కడి పిల్లలకు మార్కులకంటే ఎక్కువగా అడ్డం తగిలేది రాష్ట్ర సరిహద్దు.

పుట్టుక

ఈ వృత్తి మొదలైన ఏడాది ఏదన్న దానిపై రెండు లెక్కలున్నాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ 1965లో తొలి తరగతి ప్రారంభించాడు. చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారు. అందులో ముగ్గురు 1967 అక్టోబర్ 6న పట్టా పుచ్చుకున్నారు. అక్కడి వృత్తి సంఘాలు అక్టోబర్ 6నే పండగ చేసుకుంటాయి, అది స్టెడ్ పుట్టినరోజు కూడా. ప్రవేశ అర్హతల చరిత్రకు మాత్రం 1965నే మొదలుగా తీసుకోవడం సబబు. ఆ నలుగురినీ తీసుకున్నది కాలేజీ మార్కులు చూసి కాదు, రోగుల దగ్గర పనిచేసిన అనుభవం చూసి. అక్కడి దరఖాస్తుల్లో ‘ఎన్ని గంటలు రోగుల దగ్గర పనిచేశారు’ అన్న ప్రశ్న నేటికీ ముందు వరసలో ఉండడానికి మూలం అదే.

భారతదేశంలో ఈ చదువుకు ఆరంభం 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్ అని సాధారణంగా అంగీకరిస్తారు. గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో అది మొదలైంది. గుండె ఆపరేషన్ల విభాగానికి అండగా పుట్టిన కోర్సు కావడం వల్లనేమో, మన దగ్గర పీఏలు చాలాకాలం పెద్ద ఊళ్ళలోని కార్పొరేట్ ఆస్పత్రులకే పరిమితమయ్యారు. అమెరికాలో డాక్టర్లు దొరకని పల్లెల కోసమని చెప్పుకుని వృద్ధి చెందిన వృత్తి, మన దగ్గర పల్లె మొహం పెద్దగా చూడలేదు.

మన దేశంలో అర్హతలు

బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్‌కు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలన్నది దాదాపు అన్ని చోట్లా ఉన్న నియమం. కాలవ్యవధి సాధారణంగా మూడేళ్ళ చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. కనీస మార్కుల శాతం విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఈ కోర్సుకు నీట్ తప్పనిసరి అన్న నియమం ఇన్నాళ్ళూ లేదు. నీట్‌లో ర్యాంకు రానివాళ్ళు ఇటు రావడం ఎక్కువగా అందువల్లే. అయితే 2026–27 నుంచి ఫిజియోథెరపీ వంటి కొన్ని కోర్సులకు నీట్ పెట్టాలన్న నిర్ణయం వెలువడింది కనుక, పాత బ్రోషర్లు నమ్ముకోవడం మంచిది కాదు.

2021 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తికి మొదటిసారి చట్టంలో చోటిచ్చింది. దాని షెడ్యూలులోని పది వర్గాల్లో ఒకటి మెడికల్ టెక్నాలజిస్టులు, ఫిజీషియన్ అసోసియేట్లది. అనుబంధ వృత్తి నిపుణుడికి కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలని చట్టం చెబుతుంది. అంతకుముందు ఏ సంస్థ పాఠ్యక్రమం దానిదే. ‘మూడు నెలల్లో పీఏ’ అని గోడమీద రాసుకునే సంస్థలు కనబడితే, వాటిని పై గంటల పక్కన పెట్టి చూడడం కొలతకు చాలు. 2025లో యూజీసీ ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపవద్దని ఆదేశించింది. కరస్పాండెన్స్‌లో పీఏ డిగ్రీ అన్న బేరం ఆ ఏటితో చెల్లినట్టే.

సరిహద్దు చిక్కు

విడపనకల్లు, పాల్తూరు, డోనేకల్లు వైపు ఊళ్ళకు బళ్ళారి పెద్ద ఊరు. ఆస్పత్రికీ, బట్టలకూ, పెళ్ళి సామానుకూ అక్కడికే పోతారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, లేదా తలకిందులుగా మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో మామూలే. కనుక పదో తరగతి అయ్యాక పిల్లను ‘దగ్గర్లోనే కదా’ అని బళ్ళారిలో పీయూసీకి (అక్కడి ఇంటర్) చేర్చడం సహజంగా జరిగే పని. ప్రవేశాల దృష్టితో చూస్తే ఇంతకంటే ఖరీదైన నిర్ణయం ఇంకొకటి ఉండదు.

కారణం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగంలోని 371–డి అధికరణం కింద వచ్చిన ఈ ఉత్తర్వు ప్రకారం విశ్వవిద్యాలయాల్లోనూ, ప్రభుత్వ నియంత్రణలోని కాలేజీల్లోనూ 85 శాతం సీట్లు స్థానికులవి. అనంతపురం జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. స్థానికుడంటే, అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఇంటర్ అర్హత పరీక్ష అయితే 9, 10, ఇంటర్ రెండేళ్ళు. అది కుదరకపోతే, 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివి ఉంటే అందులో ఎక్కువ కాలం చదివిన ప్రాంతానికి స్థానికుడవుతాడు. బళ్ళారిలో పీయూసీ చదివిన విడపనకల్లు విద్యార్థికి నాలుగేళ్ళ లెక్కా తెగిపోతుంది, ఏడేళ్ళ లెక్కా తెగిపోతుంది. సొంత జిల్లాలో ‘నాన్‌లోకల్’ అయిపోతాడు. మిగిలిన 15 శాతం సీట్లకు, తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్ళు నివసించారన్న ధ్రువపత్రంతో పోటీ పడవచ్చు. అక్కడ పోటీ అందరితోనూ.

కర్ణాటకైనా తనవాడు అంటుందా అంటే, అదీ లేదు. ఆ రాష్ట్రపు సాధారణ నియమం ఏడేళ్ళు కర్ణాటకలో చదివి ఉండాలని. రెండేళ్ళ పీయూసీ దానికి చాలదు. సరిహద్దు కన్నడిగుల కోసం గడినాడు కోటా అని ఒకటుంది. మాతృభాష కన్నడమై ఉండాలి, ప్రకటిత ప్రాంతాల జాబితాలో ఊరు ఉండాలి. దరఖాస్తుకు ముందే ఆ జాబితాను తాలూకా పేరుతో సరిచూసుకోవాలి.

దీనికి కులధ్రువపత్రం మరో మెలిక. ఈ జిల్లాలో బోయలు ఆంధ్రప్రదేశ్ జాబితాలో బీసీ–ఏ. కర్ణాటకలో వాల్మీకి, నాయక, బేడ పేర్లతో ఉన్నవారు షెడ్యూల్డు తెగ. సుగాలీలకు లెక్క మారుతుంది: ఇక్కడ షెడ్యూల్డు తెగ, అక్కడ లంబాణీలుగా షెడ్యూల్డు కులం. బంధుత్వాలు గట్టుకు రెండు వైపులా ఉన్నా పత్రం మాత్రం గట్టు దాటదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన కుటుంబపు విద్యార్థి ముంబైలో వైద్య కళాశాల సీటుకు ఆ హోదా అడిగితే, ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని చెప్పింది. ఆ కుర్రవాడు కోరినది ఎంబీబీఎస్ సీటు. సూత్రం పీఏ సీటుకూ అంతే.

డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు 85 శాతం నియమం లేదు. అక్కడ మార్కులు, ఫీజు ఉంటే చాలు. పీఏ కోర్సు ఎక్కువగా దొరికేది తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లోని ఇలాంటి సంస్థల్లోనే. ఈ కారణంగా లోకల్ గొడవ తమకెందుకని కొందరు వాదిస్తారు. కానీ పీఏ సీటు రాకపోతే రెండో దారిగా పెట్టుకునే బీఎస్సీ నర్సింగ్, పారామెడికల్ సీట్లు డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం (1986లో ఏర్పాటు) కింద, ఇదే లోకల్ లెక్కలో భర్తీ అవుతాయి. కనుక 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఏ బడివి ఆ బడి దగ్గర ముందే తీసి పెట్టుకోవడం మేలు. రాష్ట్ర విభజన నాటి పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిశాక స్థానికత నిబంధనల్లో సవరణలు జరిగాయి. ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏటికే ప్రమాణం.

అమెరికాలో పీజీ ప్రవేశం

అమెరికాలో పీఏ చదువు సుమారు 24 నుంచి 27 నెలలు ఉంటుంది. గుర్తింపు సంస్థ నిబంధనల వల్ల 2020 దశకం మొదలయ్యేసరికి దాదాపు అన్ని కోర్సులూ మాస్టర్స్ స్థాయికి చేరాయి. దరఖాస్తులు ఎక్కువగా 2001లో మొదలైన ‘కాస్పా’ అనే కేంద్రీకృత వ్యవస్థ ద్వారా పోతాయి. కావలసినవి చెప్పుకుంటే: బ్యాచిలర్స్ డిగ్రీ, సగటు గ్రేడు చాలాచోట్ల 3.0కు తగ్గకుండా, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ కోర్సులు ల్యాబులతో సహా, సిఫారసు లేఖలు, తనను గురించిన వ్యాసం, ఇంటర్వ్యూ. జీఆర్ఈని కొన్ని అడుగుతాయి, చాలా సంస్థలు మానేశాయి.

అనంతపురంలోనో గుంతకల్లులోనో బీజడ్సీ చదివిన విద్యార్థికి ఇందులో మూడు చోట్ల కాలు తడబడుతుంది. మొదటిది డిగ్రీ కాలం. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ళ ఆనర్స్ వచ్చింది కానీ మూడేళ్ళకే బయటపడే వీలూ ఉంది. మూడేళ్ళ పట్టాను అమెరికా బ్యాచిలర్స్‌కు సమానంగా లెక్కించడానికి అన్ని సంస్థలూ ఒప్పుకోవు. నాలుగో ఏడు చదవడమే నయం. రెండోది, పై సైన్సు కోర్సులు అమెరికా కాలేజీలోనే చదివి ఉండాలనే నియమం అనేక సంస్థల్లో ఉండడం. అంటే ఇక్కడ చదివిన మైక్రోబయాలజీని అక్కడ కమ్యూనిటీ కాలేజీలో మళ్ళీ చదవాలి. మూడోది రోగి సంరక్షణ గంటలు. కొన్ని 500 గంటలతో సరిపెట్టుకుంటాయి, కొన్ని 2,000 దాటి అడుగుతాయి. అంబులెన్సులో, వార్డులో రోగిని తాకి చేసిన పని ఇందులోకి వస్తుంది. హైదరాబాదులో హెడ్‌ఫోన్ పెట్టుకుని అమెరికా డాక్టరుకు కేసు షీట్లు రాసిపెట్టే స్క్రైబ్ ఉద్యోగాన్ని చాలా సంస్థలు రెండో తరగతి అనుభవంగానే చూస్తాయి.

వీటన్నిటికీ ముందు చూసుకోవలసింది ఒకటుంది. అమెరికా పౌరులకో, గ్రీన్‌కార్డు ఉన్నవారికో మాత్రమే సీటిచ్చే కోర్సులు తక్కువేమీ కావు. విద్యార్థి వీసాతో ఎంఎస్ కంప్యూటర్స్‌కు వెళ్ళినట్టు పీఏకు వెళ్ళవచ్చని చెప్పే కన్సల్టెన్సీ ఈ సంగతి చెప్పకపోవచ్చు. ట్యూషన్ లక్ష డాలర్లు దాటడం అసాధారణం కాదు. వాన మీద ఆధారపడిన వేరుశనగ రైతు ఇంటికి ఆ అప్పు ఏమిటో వేరే చెప్పక్కరలేదు. నిజానికి అమెరికాలోని తెలుగు పీఏల్లో అక్కడే పుట్టి పెరిగినవారే ఎక్కువగా తారసపడతారు.

మన ఎంబీబీఎస్ పట్టా ఉంటే నేరుగా పీఏగా చేరవచ్చన్న మాట తరచు వినబడుతుంది. అది సరికాదు. జాతీయ ధ్రువీకరణ పరీక్ష ‘పాన్స్’ (300 ప్రశ్నలు) రాయాలంటే గుర్తింపు పొందిన అమెరికా పీఏ కోర్సు పూర్తిచేసి ఉండాలి. విదేశీ డాక్టరుకూ, భారతీయ బీఎస్సీ పీఏకూ ఇందులో మినహాయింపు లేదు.

2021 మేలో అమెరికా వృత్తి సంఘం తమ వృత్తి పేరు ‘ఫిజీషియన్ అసోసియేట్’గా మార్చుకోవాలని తీర్మానించింది. బ్రిటన్‌లో గాలి ఎదురు దిశలో వీచింది. అక్కడ లైఫ్ సైన్సెస్ డిగ్రీ తర్వాత రెండేళ్ళ పీజీ. 2024 డిసెంబరులో అక్కడి పీఏలపై జనరల్ మెడికల్ కౌన్సిల్ నియంత్రణ మొదలైంది. 2025 జూలైలో వచ్చిన లెంగ్ సమీక్ష, రోగులు డాక్టరని పొరబడకుండా మళ్ళీ ‘అసిస్టెంట్’ అనే పిలవమంది.

దగ్గరి హోదాలు

డాక్టరుకు ఒక మెట్టు కింద ఉండే వైద్యుడు మనకు కొత్తకాదు. ఎల్ఎంపీలు (లైసెన్షియేట్లు) అలాంటివారే. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం నమోదైన 47,524 మంది వైద్యుల్లో 29,870 మంది లైసెన్షియేట్లు. ఆ చదువు ఎత్తివేయాలని కమిటీ మెజారిటీ సిఫారసు చేసింది. కొందరు సభ్యులు అసమ్మతి రాశారు. ఆ ఖాళీలోకి పల్లెల్లో ఆరెంపీ డాక్టర్లు వచ్చారు. వారి చదువుకు ప్రవేశ అర్హత అంటూ ఏదీ లేదు. ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా నేర్చుకున్నదే పెట్టుబడి.

విడపనకల్లు వంటి మండలంలో ఈ తరహా పనికి ఇవాళ ప్రభుత్వ దారి పీఏ కాదు, మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. 2018లో కేంద్రం ప్రకటించిన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లతో వచ్చిన ఈ ఉద్యోగానికి ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ నర్సింగ్ పట్టా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడుగుతున్నారు. సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణ మొదట విడిగా ఉండేది, తర్వాత నర్సింగ్ పాఠ్యక్రమంలో కలిపారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలయ్యాక, పీహెచ్‌సీ డాక్టరు ఊరికి వచ్చే రోజుల్లో ఆయనతోనూ, మిగతా రోజుల్లో ఒంటరిగానూ విలేజ్ క్లినిక్ నడిపింది వీళ్ళే. పీఏ పట్టాతో ఈ పోస్టుకు అర్హత రాదు.

2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’కు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. వీరి సంఖ్య నమోదైన డాక్టర్లలో మూడోవంతు మించరాదు. ప్రాథమిక వైద్యంలో నిర్దేశించిన మందులను మాత్రమే సొంతంగా రాయవచ్చు. ఈ లైసెన్సు ఎవరికంటే, ఆధునిక వైద్యంతో సంబంధం ఉన్న వృత్తివారికి, కమిషన్ పెట్టే అర్హతలకు లోబడి, అని చట్టం చెప్పి ఊరుకుంది. పీఏ పట్టా ఉన్నవారు అందులోకి వస్తారా అన్నదానిపై న్యాయనిపుణుల్లో రెండు అభిప్రాయాలకూ చోటుంది. చట్టపు మాటలను బట్టి చూస్తే వస్తారనడానికే మొగ్గు.