ఒకటిన్నర మిల్లీగ్రాము ఎవరి ఒంటి లెక్క?

మొన్న హాస్టల్‌లో విషశాస్త్రం పాఠం చదువుతూ మేం ఒక మాట దగ్గర ఆగిపోయినం. ప్రతి పదార్థంలో విషం ఉంటుంది, అది చంపుతుందా లేదా తేల్చేది మోతాదే అని 1538లో పారాసెల్సస్ అనే వైద్యుడు రాసిండు. గని కూలీల జబ్బుల మీద కూడా ఆయన ఒక పుస్తకం రాసిండు, ఆయన చనిపోయాక 1567లో అచ్చయింది. అంటే ఈ శాస్త్రం చిన్నప్పుడే కూలోళ్ల ఒళ్లు చూసింది. తర్వాత మర్చిపోయిందేమో అని మా అనుమానం.

మన తండాలకు బాగా తెలిసిన విషం ఫ్లోరైడ్. మన దేశంలో ఈ జబ్బును మొదట నమోదు చేసింది 1937లో, షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు. అప్పటి నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి వైపు. అంతకుముందే ఎడ్ల కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం అక్కడి రైతులు పసిగట్టారని చెబుతారు. తర్వాత మన నల్లగొండ పేరు దీనికి అంటుకుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు శుభ్రం చేసే పద్ధతికి కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. సంతోషపడాల్నో ఏడవాల్నో తెల్వదు.

ఫ్లోరైడ్ పాము విషం లెక్క కాదు, ఏండ్ల తరబడి పని చేస్తది. తాగినదాంట్లో కొంత మూత్రంలో పోతది, కొంత ఎముకల్లో కూర్చుంటది. ఎదిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. తిండిలో కాల్షియం తక్కువైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతది. నీళ్లు కాచినా పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా ఒప్పుకుంటరు. వేరే నీళ్లు దొరకనిది ఎవరికో మనకు చెప్పక్కర్లేదు. నీడలో కూర్చుని రోజుకు 2 లీటర్లు తాగే మనిషికి 3 మిల్లీగ్రాములు. ఎండలో పత్తి ఏరుతూ 6 లీటర్లు తాగే మా అమ్మలకు 9. అవే నీళ్లతో వండిన అన్నం, పప్పు, పెట్టిన చాయ్ ఇందులో కలపలేదు. బోరు పక్కన బోర్డు మీద రాసేది లీటరుకు ఎంత అనేది ఒక్కటే. ఒంట్లోకి ఎంత పోయిందో ఎవరూ రాయరు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1962లోనే అమెరికా ఆరోగ్య శాఖ ఎండ ఎక్కువున్న చోట జనం ఎక్కువ తాగుతరని, అక్కడ ఫ్లోరైడ్ తక్కువుండాలని ఉష్ణోగ్రతను బట్టి లెక్క కట్టింది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మేం ఒక పని చేద్దామనుకుంటున్నం. ఇంట్లో ఎవరు రోజుకు ఎన్ని చెంబులు తాగుతున్నరో వారం రోజులు రాస్తం. చెంబు ఎన్ని లీటర్లో ముందు కొలవాలె. మీరు కూడా రాయండి, పక్కన బోరు రిపోర్టు ఫొటో పెట్టండి.