అక్షయ ముందా, ప్రభవ ముందా?



మన సంవత్సరాలు అరవై. అక్షయ గడిచిన పిమ్మట మరల ప్రభవ. మరి ప్రభవ అక్షయకు ముందుదా, తరువాతిదా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు తికమకపడేవారు. సరిగ్గా ఇటువంటి తికమకే 1980 అక్టోబరు 27న, నేటి అంతర్జాలానికి పూర్వరూపమైన అమెరికా ఆర్పానెట్‌ను కొన్ని గంటలపాటు స్తంభింపజేసినది.

ఆ నెట్‌వర్క్‌లో సందేశాలకు దారి చూపే యంత్రాలను ఇంపులనేవారు. ప్రతి ఇంపూ తన తంతుల స్థితిని తక్కినవాటికి తెలుపుతూ, ఆ లేఖపై ఒక వరుససంఖ్య వేసేది. 0 నుండి 63 దాకా, ఆపైన మరల 0. రెండు లేఖలలో ఏది క్రొత్తదో ఆ చక్రంలో వాటి దూరాన్నిబట్టి నిర్ణయించేవారు. ఆనాడు యంత్రదోషం వల్ల బిట్లు రాలి, 50వ ఇంపు పేరిట 44, 40, 8 సంఖ్యలతో మూడు లేఖలు తిరుగాడసాగినవి. ద్విసంఖ్యామానంలో 44 అంటే 101100. అందులో ఒక ఒకటి రాలితే 101000, అంటే 40. ఇంకొకటి రాలితే 001000, అంటే 8. ఇక చూడండి: 8 కంటె 40 క్రొత్తది, 40 కంటె 44 క్రొత్తది, 44 కంటె మరల 8 క్రొత్తది! ప్రతి ఇంపూ ప్రతి లేఖనూ క్రొత్తదిగా భావించి పొరుగువాటికి పంపుతూ, వేరే పనికి తీరిక లేక కూలబడినది. తంతిపై పోయేటప్పుడు కలిగే తప్పును పట్టే ఏర్పాటు ఉన్నది గాని, యంత్రస్మృతిలో ఉండగా కలిగే తప్పును పట్టేది లేదు.

దీని నిర్వహణ బీబీఎన్ సంస్థది. వారు ఒక ఇంపు స్మృతిని పరిశీలింపగా వరుసంతా 50వ దాని లేఖలే. వాటిని లెక్కచేయవద్దని ఇంపులకు సవరణ ఎక్కించి గండం గట్టెక్కినారు. ఆ సంస్థలోనివాడే ఎరిక్ రోసెన్ 1981లో ఈ వృత్తాంతమంతా దాపరికం లేకుండా వ్రాసినాడు. నాకు ఆ నిజాయితీ మీదనే ఎక్కువ గౌరవం.

నెట్‌వర్క్ క్షేమం కనుగొనుటకు పెట్టిన లేఖలే దానిని ముంచినవి! దోషాన్ని గుర్తించి తొలగించుట నిర్వాహకుని మొదటి బాధ్యత ఎందుకైనదో దీన్నిబట్టే తెలుస్తుంది. 1986 అక్టోబరులో బర్కిలీలో రద్దీ పెరిగి, సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు దిగజారినది. సామర్థ్యమంటే ఏమిటో అప్పుడు తెలిసినది. 1988 నవంబరు 2న మోరిస్ పురుగు వేలాది యంత్రాలను పట్టిన పిదప భద్రత గుర్తుకు వచ్చినది.

1989లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నెట్‌వర్క్ నిర్వహణకు పంచాంగం వంటి అయిదు విభాగాలను గ్రంథస్థం చేసినది: దోషము, విన్యాసము, గణనము, సామర్థ్యము, భద్రత. వీనిలో గణనం, అనగా ఎవరెంత వాడుకొన్నారో లెక్కకట్టుట, ఏ ఉపద్రవం నుండీ పుట్టినట్లు నాకు కనబడలేదు. ఆర్పానెట్ ఖర్చు ప్రధానంగా అమెరికా రక్షణశాఖది. బిల్లు పంపవలసిన అగత్యం ఎవరికున్నది?