సైకిలు షాపు కన్న కార్లు

1894. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కింద ఉన్న బొహీమియాలో, మ్లాదా బోలెస్లావ్ అనే ఊళ్లో వాత్స్లావ్ క్లెమెంట్ పుస్తకాల కొట్టు నడిపేవాడు. సైకిలంటే ప్రాణం. ముచ్చటపడి ఓ జర్మన్ కంపెనీ సైకిలు కొన్నాడు. అది కాస్తా చెడిపోయింది. ఆ కంపెనీకి దగ్గర్లోనే ఒక శాఖ ఉంటే, బాగుచేసి పెట్టమని తన మాతృభాష చెక్‌లో ఉత్తరం రాశాడు. జవాబు జర్మన్‌లో వచ్చింది. సమాధానం కావాలంటే మాకు అర్థమయ్యే భాషలో రాయండి అని దాని సారాంశం. క్లెమెంట్‌కు ఒళ్లు మండింది. వాత్స్లావ్ లౌరిన్ అనే మెకానిక్‌ను కలుపుకొని 1895 చివర్లో తనే రిపేరు షాపు తెరిచేశాడు.

ఆ షాపులోంచి ముందు స్లావియా పేరుతో సైకిళ్లు వచ్చాయి. 1899లో మోటారు సైకిళ్లు, 1905లో కారు. 1925లో ఈ సంస్థ స్కోడాలో కలిసిపోయింది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే స్కోడా కార్లకు మూలపురుషులు ఈ ఇద్దరే. 2022లో ఆ కంపెనీ మన దేశంలో విడుదల చేసిన కారుకు స్లావియా అనే పేరు పెట్టింది కూడా ఆ పాత సైకిలును తలచుకునే.

ఇది ఒక్క క్లెమెంట్ కథే అయితే వింత అనుకుని వదిలేయొచ్చు. కానీ తొలినాటి కార్ల చరిత్రలో ఎక్కడ వేలు పెట్టినా సైకిలు గ్రీజు అంటుకుంటుంది. గుర్రబ్బండ్లు చేసే పేరుమోసిన కార్ఖానాలు ఉండనే ఉన్నాయి. రైలింజన్లు తయారుచేసే ఫ్యాక్టరీలకూ లోటు లేదు. వాళ్లందరినీ దాటుకుని సైకిలువాళ్లు ముందుకెలా వచ్చారు?

కారణం బరువు. ఆనాటి పెట్రోలు ఇంజనుకు గట్టిగా ఒక గుర్రం బలం కూడా ఉండేది కాదు. ఇనప పట్టాలు తొడిగిన కర్రచక్రాల బండిని అదేం లాగుతుంది? తేలిగ్గా ఉంటూనే మనిషిని మోయగల వాహనం ఎలా చేయాలో అప్పటికి తెలిసింది సైకిలువాళ్లకే. బోలు ఉక్కు గొట్టాలతో ఫ్రేము, సన్నటి తీగ చువ్వలతో చక్రం, ఇరుసులో రాపిడి తగ్గించే బాల్ బేరింగులు, చైను. ఇవన్నీ వాళ్ల రోజువారీ సరుకు. బాల్ బేరింగుల మీద పారిస్‌లో జూల్ సురీరే 1869లోనే పేటెంటు తీసుకున్నాడు. నేటి రోలర్ చైనును మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ 1880లో తయారుచేశాడు. డిఫరెన్షియల్ సంగతి ఇంకా ఆసక్తికరం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఒకటి నేలమీద ఈడ్చుకుపోతుంది. ఈ చిక్కును విప్పే పళ్లచక్రాల ఏర్పాటు ఆవిరిబళ్ల కోసం ముందే ఉన్నా, కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో దాన్ని మూడు చక్రాల సైకిలుకు పెట్టాడు. కార్లవాళ్లకు ఆ దారి అప్పటికే సిద్ధంగా ఉంది.

కార్ల్ బెంజ్ సైకిలు పిచ్చివాడు. మాన్‌హైమ్‌లో మాక్స్ రోజ్, ఫ్రెడరిక్ ఎస్లింగర్ అనే ఇద్దరు సైకిలు షాపు నడిపేవాళ్లు. ఆ షాపులో మొదలైన పరిచయమే 1883లో బెంజ్ కంపెనీకి పెట్టుబడి అయింది. 1886 జనవరి 29న అతను పేటెంటుకు దరఖాస్తు పెట్టిన బండిని చూస్తే ఎవరికైనా మూడు చక్రాల సైకిలే గుర్తొస్తుంది. ఉక్కు గొట్టాల చట్రం, తీగ చువ్వల చక్రాలు, చైను. ఒకే సిలిండరు ఇంజను. వేగం గంటకు 16 కిలోమీటర్లు.

దాని మొదటి రోడ్డు మెకానిక్ మాత్రం బెంజ్ కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఫోర్త్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్లకు పైగా దారి. పెట్రోలు బంకులనేవి లేని కాలం కాబట్టి వీస్లోఖ్‌లో మందుల షాపు ముందు ఆపి, మరకలు తుడిచే లిగ్రోయిన్ కొని ట్యాంకులో పోసింది. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. తీగ ఒరుసుకుపోతే మేజోళ్లకు కట్టుకునే పట్టీని చుట్టి కరెంటు పోకుండా ఆపింది. చైను ఓ కమ్మరి బాగుచేశాడు. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. నేటి బ్రేకు లైనింగుకు నాంది అదేనంటారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో బెంజ్ పేరు చెబుతారు సరే, ఈ ప్రయాణం కూడా ఒక పాఠంగా పెడితే బాగుండేది.

అందరూ సైకిలువాళ్లే అనడం అతి అవుతుంది. గాట్లీబ్ డైమ్లర్ ఇంజన్ల మనిషి. అయితే ఆయనా 1889లో చేసిన ఉక్కుచక్రాల కారు చట్రాన్ని సైకిళ్లు చేసే ఎన్.ఎస్.యు. కంపెనీ చేతే తయారుచేయించుకున్నాడు.

ఇక టైర్ల కథ. 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారుచేశాడు. మెత్తగా పోతుంది, వేగంగా పోతుంది. ఒకటే బాధ: టైరును రిమ్ముకు జిగురుతో అంటించేసేవాళ్లు. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్-ఫెరాన్‌లో మిషెలిన్ సోదరుల రబ్బరు ఫ్యాక్టరీకి ఒకతను పంచరైన డన్‌లప్ టైరుతో వచ్చాడు. దాన్ని ఊడబెరకడానికే మూడు గంటలు పట్టింది. అతుకు వేసి మళ్లీ అంటించి, జిగురు ఆరేదాకా రాత్రంతా ఉంచారు. పొద్దున్నే ఎదువార్ మిషెలిన్ ఉత్సాహంగా ఎక్కి తొక్కితే కొన్ని వందల మీటర్లకే మళ్లీ గాలి పోయింది.

మన వీధి చివర పంచరు షాపులో ఇదే పని చూడండి. రెండు లివర్లు దూర్చి టైరు అంచు పైకి లేపుతారు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతారు. బుడగలు లేచినచోట గుర్తు పెట్టుకుని, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, కాస్త ఆరనిచ్చి ప్యాచ్ నొక్కుతారు. పదిహేను నిమిషాల పని. ఇది సాధ్యమవడం వెనక ఆ రోజు ఎదువార్ పడిన తిప్పలూ ఉన్నాయి. 1891లో ఊడదీసే టైరుకు మిషెలిన్ సోదరులు పేటెంటు తీసుకున్నారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సైకిలు పందెంలో షార్ల్ తెరాన్ ఆ టైర్లతోనే గెలిచాడు. 1895లో అవే గాలి టైర్లు వేసిన కారుతో ఆ సోదరులు పారిస్-బోర్డో-పారిస్ పందేనికి దిగారు. దారి పొడవునా పంచర్లే, గెలవలేదు. అయినా గాలి టైరు మీద కారు నడుస్తుందని లోకం చూసింది.

సముద్రానికి అవతల డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ 1896 జూన్‌లో తన మొదటి బండి పూర్తిచేశాడు. నాలుగు సైకిలు చక్రాలు, అందుకే పేరు క్వాడ్రిసైకిల్. బయటికి తీద్దామంటే షెడ్డు తలుపు పట్టలేదు. గొడ్డలి తీసుకుని ఇటుకగోడ పగలగొట్టాడు. డేటన్‌లో సైకిలు షాపు నడుపుకునే రైట్ సోదరులు ఇంకో అడుగు ముందుకేశారు. 1903లో ఎగిరిన వాళ్ల విమానంలో ప్రొపెల్లర్లను తిప్పింది చైన్లూ పళ్లచక్రాలే.

మనకు మరీ దగ్గరివాడు విలియం మోరిస్. ఆక్స్‌ఫర్డ్‌లో ఓ సైకిలు షాపులో పనికి కుదిరి, జీతం పెంచమంటే యజమాని కాదన్నాడని బయటికొచ్చేశాడు. 1893లో, పదహారేళ్ల వయసులో, చేతిలో నాలుగు పౌండ్లతో ఇంటి దగ్గరే రిపేర్లు మొదలుపెట్టాడు. తర్వాత సొంతంగా సైకిళ్లు కట్టాడు, పందేల్లో తొక్కి గెలిచాడు, మోటారు సైకిళ్లకు మళ్లాడు. 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తెచ్చాడు. ఆ పేరుతోనే వచ్చిన తర్వాతి నమూనాల్లో మూడో సిరీస్‌ను తీసుకుని హిందూస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్‌గా మార్చింది. కలెక్టర్లు, మంత్రులు, పెళ్లివారు, టాక్సీవాళ్లు, అందరూ ఎక్కిన బండి అది. ఏ ఊళ్లో ఆగిపోయినా బాగుచేసే మెకానిక్ దొరికేవాడు. 2014లో తయారీ ఆగిపోయింది.

జపాన్‌లో సోయిచిరో హోండా తండ్రి కమ్మరి, సైకిళ్లూ బాగుచేసేవాడు. యుద్ధం ముగిశాక 1946లో హోండా సైన్యం వదిలేసిన రేడియో జనరేటర్ల ఇంజన్లు కొని సైకిళ్లకు బిగించాడు. మొదటిదానికి పెట్రోలు ట్యాంకు, చలికి పక్కలో పెట్టుకునే వేడినీళ్ల డబ్బా. ఇటు మన దేశంలో ముంజాల్ సోదరులు సైకిలు విడిభాగాల వ్యాపారంతో మొదలై 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ పెట్టారు. 1984లో ఈ రెండు వంశాలూ కలిస్తే హీరో హోండా అయింది.

హైదరాబాదుకూ ఈ పిచ్చిలో వాటా ఉంది. బడి రోజుల నుంచే పాత సామాన్లతో బళ్లు కట్టే సరదా ఉన్న కె. సుధాకర్, 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును తొక్కి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచాడు. బూటు, బర్గరు, క్రికెట్ బ్యాటు, వంకాయ, ఇలా ఏ రూపం కావాలంటే ఆ రూపంలో, నడిచే కార్లున్నాయక్కడ. నెహ్రూ జూపార్కుకు దగ్గరే. పిల్లల్ని జూకు తీసుకెళ్లినప్పుడు ఇంకో గంట దీనికీ పెట్టుకోండి. ఫొటోలు దిగడం అయ్యాక ఒకసారి కిందికి వంగి, ఆ బూటుకూ బర్గరుకూ చక్రాలెలా బిగించారో కూడా చూపించండి.