శుశ్రూష చేయువారి అరగంట

రోగియైన తల్లిని లేవనెత్తి కూర్చుండబెట్టుట, తండ్రిని స్నానమునకు నడిపించుట, రాత్రి మూడుమార్లు లేచి ప్రక్క మార్చుట - ఇవి శరీరశ్రమ కావని ఎవరును అనజాలరు. అట్టివారికి వేరుగ వ్యాయామ మేల యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము సమీప చరిత్రలోనే కలదు.

1953లో జెర్రీ మారిస్ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును లండన్ బస్సు ఉద్యోగులను గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. దినమంతయు కూర్చుండు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులలో మెట్లెక్కి దిగు కండక్టర్లకు హృద్రోగము తక్కువగ కనబడెను. శరీరచలనము ఆరోగ్యమును కాపాడునను ఆధునిక విజ్ఞానమునకు ఈ పరిశోధన పునాదులలో నొకటి.

మరుసటి యేడు, 1954లో, అదే దేశమున మేరీ వెబ్‌స్టర్ అను 31 ఏండ్ల క్రైస్తవ మతాచార్యురాలు తల్లిదండ్రుల సేవకై తన వృత్తిని విడిచెను. 1963లో ఆమె పత్రికాముఖమున తనవంటి అవివాహిత స్త్రీల దుస్థితిని లోకమునకు తెలిపెను. 1965లో వారికై ఒక జాతీయ సంఘము వెలసెను. 1976లో బ్రిటిషు ప్రభుత్వము, వారమునకు కనీసము 35 గంటలు రోగిసేవ చేయువారికి భృతి నొసగ నారంభించెను. కాని వివాహిత స్త్రీలకు దానిని నిరాకరించెను. ఇంటనుండుట వారికి సహజమే యని కాబోలు! 1986లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినపిదపగాని ఆ భేదము తొలగలేదు.

ఇట్లు ప్రభుత్వము సేవాకాలమును లెక్కించెను. ఆ సేవకు శరీరము చెల్లించు వెలను 1999లో అమెరికా పరిశోధకులు లెక్కించిరి. 66 ఏండ్లు మొదలు 96 ఏండ్లవరకు గల దంపతులను నాలుగేండ్లు గమనింపగా, జీవిత భాగస్వామికి సేవచేయుచు ఆ భారమున క్రుంగినవారికి మరణాపాయము, సేవాభారము లేనివారికంటె నూటికి 63 పాళ్లు అధికముగ తేలెను.

మరి కండక్టరును కాపాడిన శ్రమ వీరి నేల కాపాడదు? కండక్టరు పని ముగించి ఇల్లు చేరును. శుశ్రూష చేయువారికి ఇల్లే పనిచోటు. నడుము వంచి బరువెత్తుట క్షణకాలపు శ్రమ. అది గుండెకు బలమిచ్చు నిలుకడయైన నడక కాదు.

2002లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీనిని పరీక్షించిరి. మతిమరపు వ్యాధిగ్రస్తులైన బంధువులకు సేవచేయు 100 మంది స్త్రీలలో కొందరిచే, టెలిఫోనుద్వారా సలహా లిచ్చుచు, ఏడాదిపాటు వేగముగ నడుచుట వంటి వ్యాయామము చేయించిరి. తక్కినవారికి ఆహార విషయములు బోధించిరి. నడచినవారికి నిద్ర మెరుగయ్యెను. ఉద్వేగసమయమున రక్తపుపోటు పెరుగుట తగ్గెను. మనోవ్యథ మాత్రము ఇరుపక్షములవారికిని తగ్గెను. తమ్ము పలుకరించు వారొకరుండుటయు ఔషధమే యని మేము తలంచుచున్నాము.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమ వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో పేర్కొనెను. అనగా వారమున అయిదు దినములు, దినమున కరగంట. 35 గంటల సేవ ప్రక్కన ఇది రెండున్నర గంటలే. ఆ అరగంట రోగి మంచముకడ మరొకరు కూర్చున్నగాని అది లభింపదు. మన ఇండ్లలోను కోడలికో, భార్యకో వ్యాయామము చేయుమని హితవు చెప్పుట సులభము. ఆ కుర్చీలో తాము కూర్చుండుటయే నిజమైన సాయమని మా మనవి.