నిరోష్ఠ్య రచనలో పదాన్వేషణ: లిపి, ఉచ్చారణస్థానం

నిర్దిష్ట అక్షరాలున్న, లేదా లేని ఆంగ్లపదాలను వెదకడంలో లిపియే ప్రమాణం. 1939లో వెలువడిన ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ నవల ‘గాడ్స్‌బీ’ పరిహరించినది ‘ఈ’ అనే ఆంగ్లాక్షరాన్నే గాని ఆ ధ్వనిని కాదు. ఆ అక్షరం లేని ‘సిటీ’ వంటి పదాలలో ఈకార ధ్వని నిలిచే ఉంటుంది.

తెలుగు నిరోష్ఠ్య సంప్రదాయానికి ఉచ్చారణస్థానం ప్రమాణం. గోల్కొండను 1550–1580 మధ్య పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు కవి మరింగంటి సింగరాచార్యులు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్య కావ్యంగా రచించాడు. పెదవులు కలిస్తేనే పలికే ప, ఫ, బ, భ, మలు ఇట్టి రచనలో వర్జ్యాలు. కథానాయకుని నామంలోనే మకారం ఉన్నందున పర్యాయపదాన్వేషణ అనివార్యమైంది. కావ్యశీర్షికయే అందుకు నిదర్శనం.

ఈ నియమం పదజాలంతో ఆగక వ్యాకరణాన్నీ స్పృశిస్తుంది. డు, ము, వు, లు అనే ప్రథమావిభక్తి ప్రత్యయాలలో ‘ము’ వర్జ్యమవుతుంది. శిక్షాశాస్త్రం చెప్పినట్లు ఉకారాన్నీ ఓష్ఠ్యంగా గణిస్తే నాలుగు ప్రత్యయాలూ తొలగిపోతాయి.

సున్న విషయం మరింత సూక్ష్మం. ‘నందన’లోని సున్న దకారానికి ముందుండటంచేత నకారంగా పలుకుతుంది; పదాంతంలో అదే సున్న మకార ధ్వనినిస్తుంది. కనుక నిషిద్ధాక్షరాల పట్టికతో ప్రతిని గాలించినంత మాత్రాన నియమభంగాలన్నీ బయటపడవు. ‘ము’కు బదులు సున్న చేరిన పాఠం పట్టికకు నిర్దోషంగానే కనిపిస్తుంది. నిరోష్ఠ్య కావ్య పాఠనిర్ణయంలో పరిష్కర్తకు లిపితోపాటు ఉచ్చారణ కూడా ప్రమాణం కావాలి.