జట్టు మారిన నాయకుడు, ఊరు విడిచిన జనం

2010 జులై 8న బాస్కెట్‌బాల్ తార లెబ్రాన్ జేమ్స్ తాను క్లీవ్‌లాండ్‌ను వీడి మయామీ జట్టులో చేరుతున్నట్లు ప్రకటించగానే, అంతవరకూ ఆరాధించిన అభిమానులే ఆయన జెర్సీలను తగలబెట్టారు. 2014లో తిరిగివచ్చి, 2016లో ఆ నగరానికి తొలి ఎన్‌బీఏ టైటిల్ అందించాక అదే జనం ఆయనకు నీరాజనం పట్టారు. క్రీడల్లో ద్రోహానికి క్షమాపణ ఉంటుంది.

రాజకీయాల్లో జట్టు మారితే మూల్యం ఎవరు చెల్లిస్తారో బస్తర్ చరిత్ర చెబుతుంది. మహేంద్ర కర్మ 1980లో దంతెవాడ నుంచి సీపీఐ తరఫున శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత కాంగ్రెస్ గూటికి చేరారు. 1996లో స్వతంత్రుడిగా బస్తర్ లోక్‌సభ స్థానం గెలిచారు. మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి, 2003 ఎన్నికల అనంతరం ఛత్తీస్‌గఢ్ ప్రతిపక్ష నేత అయ్యారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుంకు ఆయనే సారథి. దానికి దన్ను బీజేపీ ప్రభుత్వానిది. ప్రత్యర్థి పక్షాలు రెండూ ఒకే వైపు నిలిచాయి.

పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసులు శిబిరాల పాలయ్యారు; మరెందరో సరిహద్దు దాటి ఖమ్మం అడవులకు చేరారు. 2008లో దంతెవాడ ఓటరు తీర్పు చెప్పాడు. బీజేపీ గెలిచింది, కర్మ మూడో స్థానంలో, ఆయన ఒకనాడు వీడిన సీపీఐకన్నా వెనుక మిగిలారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. 2013 మే 25న జీరం ఘాటీలో మావోయిస్టులు కర్మను హతమార్చారు.

పార్టీ వీడిన నాయకుడికి తిరిగివచ్చే దారి ప్రతిసారీ దొరికింది. ఊరు వీడిన గిరిజనుల్లో ఎందరికో అది నేటికీ దొరకలేదు.